ఎడమ చేతి ఎనిమిది

దయ్యాలంటే నాకు నవ్వు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడండి అనే మనిషిని. ఇప్పటికీ అంతే. కానీ ఎనభైల్లో, చిత్తూరులో మా ఇంట్లో జరిగిన ఈ ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బ్యాంకు గుమాస్తా పరీక్షకు అది నా ఆఖరి అవకాశం. మళ్ళీ రాద్దామంటే వయసు దాటిపోతుంది. అంతకు ముందు రెండుసార్లూ నన్ను ముంచింది లెక్కల పేపరే. అరగంటలో యాభై లెక్కలు చెయ్యాలి. నేను ఇరవై దాటేదాన్ని కాదు. లెక్కల్లో ఘనుడు మా అన్న రమణ. అదే పరీక్షకు చదువుతూ, రెండేళ్ళ కిందట కామెర్లతో పోయాడు.

పరీక్ష ఇంకో మూడు వారాలుందనగా బావి దగ్గర జారిపడి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. రెండు రోజులు ఏడ్చి, మూడోనాడు మధ్యాహ్నం ఎడమ చేత్తో పెన్సిలు పట్టుకున్నాను.

మొదట్లో కోడి కెలికినట్టే ఉండేది. ఒక వారానికి చెయ్యి దారిలో పడింది. రైళ్ళ లెక్క కానీ, కూలీల లెక్క కానీ, నేను ప్రశ్న చివరిదాకా చదివేలోపే పక్కన అంకెలు పడిపోయేవి. వెనక పేజీలో చూస్తే జవాబు సరిపోయేది. నిజం చెప్పాలంటే భయం వేయలేదు. గర్భగుడి ముందు నిలబడ్డట్టు, ఊపిరి బిగబట్టి నా చేతినే చూస్తూ కూర్చునేదాన్ని.

ఒకరోజు అమ్మ కాఫీ తెచ్చి, నోటుబుక్కు చూసి, దాన్ని దగ్గరికి లాక్కుంది. అమ్మకు చదువు రాదు. ఎనిమిదుల మీద వేలు పెట్టింది. నేను ఎనిమిదిని ఒకే గీతలో తిప్పి రాస్తాను. అక్కడున్నవన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు సున్నాలు.

"మీ అన్న మొదట్లో ఇట్లనే రాస్తా ఉన్నాడు పాపా. ఎడమ చేత్తో రాస్తాడని, నేనే గుడ్డపేలికతో ఆ చెయ్యి కట్టేసి కుడి చేతికి మార్చినా."

అప్పటికి నేను పుట్టలేదు. పెట్టె అడుగు నుంచి అన్న ఒకటో తరగతి పుస్తకం తీసి పక్కన పెట్టి చూశాం. ఏమీ తేడా లేదు.

తిరుపతిలో పరీక్ష రాశాను. యాభై లెక్కలూ అయిపోయి ఇంకా టైముంది. ఉద్యోగం వచ్చింది.

కట్టు విప్పిన రోజు నుంచి నా ఎడమ చేత్తో ఒక్క అంకె కూడా కుదురుగా రాదు. ఎప్పుడో ఆ పుస్తకం చూసి ఉంటావు, చేతికి గుర్తుండిపోయింది అన్నాడు తెలిసిన డాక్టరొకాయన. అంకెల సంగతి సరే. నాకు రాని లెక్కలు ఎవరు చేసినట్టు?

ఉద్యోగం కాగితం వచ్చిన రోజు అమ్మ నా ఎడమ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఈతూరి వాని చెయ్యి ఎవురూ కట్టేయలేదు పాపా" అంది.