మంచం మీద మంచుకొండ

నా చిన్నప్పుడు మేము మండపేటలో ఒక రైసుమిల్లు వెనక అద్దెకుండేవాళ్ళం. నాన్న ఆ మిల్లులోనే గుమాస్తా. మా తమ్ముడికి గుండె జబ్బని తెలిసేసరికి వాడికి ఎనిమిదేళ్ళు, నాకు పన్నెండు. రాజమండ్రిలో పెద్ద డాక్టరుగారు చూసి, ఇక చెయ్యగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు.

చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ వాడితో, తగ్గిపోతుంది, వచ్చే ఏడు బడికి వెళ్తావు అనేవారు. చర్చి నుంచి వచ్చి ప్రార్థన చేసినవాళ్ళూ అదే మాట. వాడు తలూపేవాడు. వాళ్ళు వెళ్ళగానే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటికి గానీ బయటికి వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం దొడ్డమ్మ వచ్చింది. ఆవిడ అమ్మకి సొంత అక్క, మిషన్ బడిలో టీచరు. దేశం వదిలి వెళ్ళిన దొరసాని ఒకావిడ బడికి ఇచ్చిన అట్టపెట్టె తెచ్చింది. నిండా వంకరటింకర ముక్కలు. అన్నీ కలిపితే మూత మీదున్న మంచుకొండ బొమ్మ అవుతుంది. మంచం మీద చెక్క వేసి, ముక్కలు పోసి, వాడి పక్కన కూర్చుంది.

"ముందు అంచులు ఏరు నాన్నా. ఒక పక్క తిన్నగా ఉంటాయి, చూడు."

వాడు కొన్ని ఏరాడు. తలెత్తకుండానే, "దొడ్డమ్మా, నాకు తగ్గుద్దా?" అన్నాడు.

అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. దొడ్డమ్మ వాడి వైపు తిరిగింది.

"దీనికి మందు లేదంట నాన్నా. నేను మాత్రం రోజూ వస్తాను."

"నాకు తెలుసులే," అన్నాడు వాడు. "అమ్మకి చెప్పకు. ఏడుస్తది."

అమ్మ ఏడవలేదు. వచ్చి మంచం చివర కూర్చుని, ఒక ముక్క చేతిలోకి తీసుకుంది.

ఆ తర్వాత వాడు గోడ వైపు తిరగడం మానేశాడు. ముక్కలు వెతుకుతూనే తన పలక ఎవరికిస్తారని అడిగేవాడు. తనని తాతయ్య సమాధి పక్కనే పెట్టమన్నాడు. నాన్న తలలో ఊకధూళితోనే వచ్చి కూర్చుని, అలాగేరా అనేవాడు. నాకు అక్కడ ఉండబుద్ధి అయ్యేది కాదు, లేచి వెళ్ళబుద్ధీ అయ్యేది కాదు.

బొమ్మ సగం కూడా కాలేదు. ఆకాశం ముక్కలన్నీ ఒకే నీలం, ఎంతకీ కుదిరేవి కావు. వానలు మొదలయ్యాక ఒక ఉదయం వాడు పోయాడు. దొడ్డమ్మ ముక్కలన్నీ పెట్టెలో వేసి బడికి పట్టుకెళ్ళిపోయింది. మేమెవరం ఆపలేదు.

ఇప్పుడు మా ఆయన మంచంలో ఉన్నారు. డాక్టర్లు అప్పటిలాంటి మాటే చెప్పారు. పిల్లలు ఫోన్‌లో, "ఏం కాదు నాన్నగారూ" అంటారు. నిన్న ఫోన్ పెట్టేశాక ఆయన నా వైపు చూసి, "నువ్వేమంటావు?" అన్నారు.

"నాకు భయంగా ఉందండి," అన్నాను.

ఆయన ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టారు.