ప్యాకింగ్ మిషనుకో మర్యాద ఉత్తరం

ఆ రోజుల్లో ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు బయటికి పంపడం నాకు చేతనయ్యేది కాదు. డిగ్రీ అయిన కొత్తలో రాజమండ్రిలో ఒక పచ్చళ్ళ వ్యాపారిగారి దగ్గర మెయిళ్ళు రాసే ఉద్యోగంలో చేరాను. కాలేజీలో నేర్చుకున్న ‘వర్తీ ఆఫ్ ది హయ్యెస్ట్ ప్రెయిజ్’ (అత్యున్నత ప్రశంసకు తగిన) అన్న విశేషణం నా దగ్గరున్న ఒకే ఒక్క పట్టుచీర. పెళ్ళికీ పేరంటానికీ అదే కట్టేదాన్ని.

పెళ్ళిళ్ళ సీజను ముంచుకొస్తుండగా కొత్త ప్యాకింగ్ మిషను మొండికేసింది. ప్యాకెట్లు సరిగా అతుక్కోక ఆవకాయ నూనె బల్లంతా కారుతోంది. వారంటీ ఇంకా నాలుగు రోజులే ఉంది. మా యజమాని (అందరికీ బాబాయిగారు) నన్ను పిలిచి, “కంపెనీవాళ్ళకి మెయిల్ పెట్టమ్మా. కోప్పడినట్టు మాత్రం ఉండకూడదు. వాళ్ళ మిషన్ని వాళ్ళ మొహం మీదే తిడితే ఏం బావుంటుంది చెప్పు” అన్నారు. మొహమాటం మా గోదావరి వాళ్ళకు పుట్టుకతో వచ్చిన జబ్బు. నేను కంపెనీకి ఒకసారి, మిషనుకు రెండుసార్లు, దాన్ని బిగించిన ఇంజనీరుకు ఒకసారి నా విశేషణం తగిలించి, చిట్టచివర ‘కాస్త నూనె కారుతున్నట్టుంది, వీలుంటే చూడగలరు’ అని సిగ్గుపడుతూ చేర్చాను. బాబాయిగారు తెలుగులో అర్థం చెప్పించుకుని, “శుభలేఖలా ఉందమ్మా” అని మురిసిపోయారు.

మర్నాడు ఇంజనీరు రాలేదు, జవాబు వచ్చింది. మా అభిమానానికి ధన్యవాదాలట. నా ఉత్తరాన్ని మా దుకాణం పేరుతో సహా ఇంటర్నెట్లో వాళ్ళ పేజీకి ఎక్కించారట. సాయంత్రానికి సామర్లకోట నుంచి ఒక వ్యాపారి ఫోన్ చేసి, “మీ మిషన్ అద్భుతమంట కదా బాబాయిగారూ, మేమూ ఒకటి ఆర్డర్ పెట్టేశామండి” అన్నాడు. బాబాయిగారు బల్లమీది నూనె వంక చూసి, “ఆ, బానే ఉందండి” అన్నారు. (ఎదుటివాడు సంబరంగా ఉంటే కాదనడం ఆయన వల్ల కాదు.) నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఏడుపొచ్చింది.

ఆ ఏడుపులోనే ‘మిషను పనిచేయడం లేదు. రేపే రండి’ అని రెండే ముక్కలు ఇంగ్లీషులో రాసి చూపించాను. “ఇంత మొరటుగానా అమ్మా? పాపం, ఏమనుకుంటారో” అన్నారు బాబాయిగారు. అయినా పంపమన్నారు. ఇంజనీరు మర్నాడు పొద్దున్నే దిగి, పది నిమిషాల్లో ఏదో మార్చాడు, నూనె ఆగింది. బాబాయిగారు అతనికి కాఫీ ఇప్పించి, ఆవకాయ సీసా చేతిలో పెట్టి, “మా అమ్మాయి కంగారులో అలా రాసేసిందండి, ఏమీ అనుకోకండి” అని నా ఎదురుగానే బతిమాలుకున్నారు.

ఇప్పుడు నా మెయిళ్ళన్నీ రెండు ముక్కల్లోనే ఉంటాయి, నా దగ్గర పనిచేసే పిల్లలకూ అదే నేర్పుతున్నాను. కానీ పాడైన మిషను మనసు కూడా కష్టపెట్టకూడదనుకున్న ఆ పిచ్చిపిల్లంటే నాకు ముద్దే. ఈ రోజుల్లో నా మెయిల్ చూసి జనం పరుగెత్తుకొస్తారు గాని, సంతోషించి మాత్రం ఎవరూ రారు.