అమ్మగారి గురించి నేనిచ్చిన సాక్ష్యం

నేను అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క మాట చాటున బతుకుతున్నాను. అబద్ధమే చెప్పి ఉంటే ఎప్పుడో ఒప్పుకుని ఉండేవాణ్ణి, ఎందుకంటే అబద్ధం పాపమని పిల్లలకు నేర్పినవాణ్ణి నేను. చెప్పిందంతా నిజమే. ఆ నిజాలతోనే ఒక ముసలామెను, ఆమె చావాలనుకున్న నేల మీద నుంచి వెళ్ళగొట్టించాను. ఎనభైల నాటి ఒక ఎండాకాలం నుంచి ఈ బరువు గుండె మీద ఉంది. దాన్ని దించుకునే హక్కు నాకుందో లేదో తెలియదు. ఎవరో ఒకరికి తెలియాలి. ఆ ఒకరు మీరు.

పేరు రాయను. ఊరి పేరూ రాయను. రెంటచింతల నుంచి మాచర్ల పోయే బస్సు మధ్యలో దిగి, మిరపచేల గట్ల మీద నడిస్తే వచ్చే ఊరు అనుకోండి. నేను ఆ ఊరి ఉపదేశిని. గురువులు, అంటే మా చర్చి ఫాదరుగారు, చుట్టుపక్కల గ్రామాలన్నీ తిరుగుతూ ఉంటారు కాబట్టి, ఆయన లేనప్పుడు గుడిలో ప్రార్థన నడిపించేది ఉపదేశే. పిల్లలకు సత్యోపదేశం చెప్పేదీ, మంచాన పడి పోయేలా ఉన్నవాళ్ళ దగ్గర అవస్థ ప్రార్థనలు చదివేదీ కూడా ఉపదేశే. మా నాన్న ఉపదేశి. ఆయన తర్వాత నేను. చిన్నప్పటి నుంచి వేదవాక్యం నా నోట్లో నానుతూనే ఉంది. అది గుండెలోకి ఎంత దిగిందో ఆ రోజు తెలిసింది.

ఆమెను ఊరంతా అమ్మగారు అనేది. ఐరోపా నుంచి వచ్చిన మఠకన్య. నేను నిక్కర్లు వేసుకు తిరిగే రోజులకే మా ఊరి మఠంలో ఉన్నారు. మందులిచ్చే గది నడిపేవారు. తెలుగు మా ఆడవాళ్ళ దగ్గర, బావి గట్టున నేర్చుకున్నారు. అందుకని ఆమె మాటల్లో పుస్తకం మాట ఒక్కటీ ఉండేది కాదు. తిట్లు మాత్రం కొన్ని ఉండేవి. అవి తిట్లని ఆమెకు చాలాకాలం తెలియదు.

వయసు మీద పడ్డాక మందుల గదిని ఇక్కడి మఠకన్యలకు అప్పగించారు. మామూలుగా అయితే ఆ వయసులో వాళ్ళ దేశం వెళ్ళిపోయి, మఠంవాళ్ళు నడిపే వృద్ధుల ఇంట్లో ఉండాలి. ఆమె వెళ్ళనన్నారు. సమాధుల తోటలో గోడ పక్కన జాగా కూడా చూసుకున్నారు. మనకైతే అందులో అడగవలసిందేమీ లేదు. పరాయి దేశపు మనిషికి అలా కాదు. అంతవరకు ఆమె పని మీద ఉన్నారు. పని అయిపోయింది. ఇక విశ్రాంతిగా ఉండడానికి వేరే వీసా కావాలి. ఆమె ఖర్చు వాళ్ళ మఠం భరిస్తుందని కాగితం కావాలి, ఇక్కడ ఏ పనీ చెయ్యనని హామీ ఇవ్వాలి. ఆ రెండూ అయిపోయాయి. మిగిలింది పోలీసు విచారణ. విచారణకు మనిషి వచ్చిన రోజు గురువులు గుంటూరు వెళ్ళి ఉన్నారు. అందుకని ఆ వచ్చినాయన నన్ను అడిగాడు.

అక్కడికి వెళ్ళేముందు ఒక మాట చెప్పాలి. నాకు అమ్మగారి మీద కోపం ఉండేది.

దేవుని సేవకురాలి మీద కోపమేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. అడిగిన ప్రతిసారీ దానికి భక్తి అని పేరు పెట్టుకున్నాను. నిజానికి అది మా అమ్మ మంచం దగ్గర మొదలైంది. అమ్మ ఆఖరి స్థితిలో ఉంది. నేను పుస్తకం తెరిచి, నిలబడి, అవస్థ ప్రార్థన మొదలుపెట్టాను. ఊళ్ళో ఎంతమందికో చదివాను, కన్నతల్లికి చదవనా? అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఒరేయ్ నాయనా, నువ్వు బస్సు పోయిద్దన్నట్టు చదువుతావు. నీకు దణ్ణం పెడతా, ఆపు. ఆమెను పిలువు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. మా మేనత్త ఆపుకోలేదు. అమ్మగారు వచ్చారు. ఏమీ చదవలేదు. మంచం పట్టె మీద కూర్చుని, అమ్మ అరికాళ్ళు రాస్తూ, ఆ ఏడు మిరప ఎట్టా కాసిందో మాట్లాడారు. అమ్మ ఆమె చెయ్యి పట్టుకునే పోయింది. నేను గుమ్మంలో పుస్తకం మూసి నిలబడ్డాను. తర్వాత్తర్వాత మా సంఘంలో ఎవరు మంచాన పడ్డా ముందు ఆమెకే కబురు వెళ్ళేది. నన్ను సమాధి దగ్గరికి పిలిచేవారు.

రెండోది ఇంకో ఇంట్లో జరిగింది. పార్టీ రాజకీయాల్లో తిరిగే రైతు ఇల్లు, హిందువులు. ఆ ఇంటి ముసలమ్మ పోయేలా ఉంటే కొడుకే మనిషిని పంపి అమ్మగారిని పిలిపించాడు. నన్నెవరూ పిలవలేదు. అయినా వెనకే వెళ్ళాను. ముసలమ్మకు మాట పడిపోయింది. కళ్ళు మాత్రం గోడల మీద దేనికోసమో వెతుకుతున్నాయి. అమ్మగారు కాసేపు చూసి, కోడలితో, "మీ దేవుడి పటం యాడుందమ్మా? తీసుకురా" అన్నారు. కోడలు వెంకటేశ్వరస్వామి పటం తెచ్చింది. మెడలో శిలువ వేలాడుతుండగా, అమ్మగారు ఆ పటాన్ని రెండు చేతులతో పట్టుకుని ముసలమ్మ కళ్ళ ముందు ఉంచారు. చేతులు వణికేదాకా అలాగే పట్టుకున్నారు. ముసలమ్మ కళ్ళు అక్కడ ఆగాయి. ఇక వెతకలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను తప్ప వేరే దేవుడు ఉండకూడదన్న దేవుని మొదటి ఆజ్ఞ ఏమిటి, ఈమె చేస్తున్నదేమిటి? దారిలో అదే అడిగాను. ఆమె నడక ఆపకుండానే, "చచ్చేవాళ్ళ దగ్గర తగువేందయ్యా ఉపదేశీ?" అన్నారు. గురువులకు ఫిర్యాదు చేశాను. ఆయన విని, సరే చూద్దాం అన్నారు. చూడలేదు.

ఇది గుర్తుపెట్టుకోండి. ఆ పటం సంగతి నేను నా కళ్ళతో చూశాను.

విచారణకు వచ్చినాయన మిట్టమధ్యాహ్నం వచ్చాడు. గుడి వరండాలో నాపరాళ్ళ మీద నీళ్ళు చల్లించి కూర్చోబెట్టాను. మజ్జిగ ఇచ్చాను. మంచివాడే. చొక్కా పై గుండీలు విప్పుకుని విసురుకుంటూ మొదలుపెట్టాడు.

"ఏమయ్యా ఉపదేశీ, ఈ ఎండ తట్టుకోలేక మేం ట్రాన్స్‌ఫర్ కోసం కాళ్ళు పట్టుకుంటుంటే, ఈ తల్లికి ఈడే చావాలని కోరికేంది?"

"అలవాటు పడ్డారండీ."

"బాగానే ఉందిలే. ఖాళీగానే ఉంటదా, పనేమన్నా చేసిద్దా? పని చేస్తే మాత్రం కుదరదు. రిటైరైన మనిషి రిటైరైనట్టు ఉండాల."

పెద్దావిడ, జపమాల తిప్పుకుంటూ కూర్చుంటారు అంటే సరిపోయేది. అదీ నిజమే. నేను ఇంకో నిజం ఎంచుకున్నాను.

"ఇంటింటికీ తిరుగుతారండీ. ఎవరు మంచాన పడ్డా వెళతారు."

"మీవాళ్ళ ఇళ్ళకేగా?"

"అందరి ఇళ్ళకీ వెళతారండీ."

"హిందువుల ఇళ్ళకి కూడానా? చచ్చేవాళ్ళ దగ్గరికి?"

"వెళతారండీ."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మరి ఆడ మతం గితం మార్చిద్దా?"

"నేను చూడలేదండీ."

"చూడలేదా, లేదా? సరిగ్గా చెప్పు."

రెండోసారి అడిగాడు. ఆయన నాకు అవకాశం ఇచ్చాడు. ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరేమో గాని, ఆ పోలీసాయనకు ఆమె ఉండిపోతేనే బాగుండునని ఉన్నట్టు నాకు తోచింది. నా మనసు చల్లగా ఉంది. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

"నేను చూసినంతలో చూడలేదండీ. నేను లేనప్పటి సంగతి నాకెట్టా తెలుస్తుంది?"

ఆయన నవ్వాడు. "కోర్టులో వకీలు మాట్లాడినట్టు మాట్లాడుతున్నావే" అని లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

అంతే. ఇందులో అబద్ధం ఎక్కడుంది? వెతకండి. నేను ఎంత వెతికానో మీకు తెలియదు. చూసింది చూసినట్టు చెప్పండి, చూడనిది చూడలేదనండి అని సత్యోపదేశంలో పిల్లలకు చెప్పేవాణ్ణి. అక్షరం తప్పకుండా అదే చేశాను. కాని ఆయన అడిగినదానికి జవాబు నా కళ్ళ ముందే జరిగింది. చనిపోతున్న ఒక తల్లికి ఆమె దేవుడినే చూపించిన మనిషి మతం మారుస్తుందా? ఆ పటం సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఏ పటం కోసం ఆమె మీద గురువులకు ఫిర్యాదు చేశానో, ఆ పటం ఆ మధ్యాహ్నం నాకు గుర్తు రాలేదనుకుంటున్నారా? వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. ఆమె మతం మార్చలేదనే నాకు కోపం. మార్చిందేమోనన్న అనుమానాన్ని ఆమె నెత్తిన వదిలేశాను. ఇంత వంకర బుద్ధి భక్తి లోపల ఎలా పెరుగుతుందో, నేను ఎవరినడిగి తెలుసుకోను?

ప్రభువును పట్టుకుపోయిన రాత్రి ఆయనను ఎరగనన్న శిష్యుడి గురించి, ఈస్టరు ముందు వచ్చే ప్రతి తపస్సు కాలంలోనూ గుడిలో చదివి వినిపించేవాణ్ణి. ఆ శిష్యుడికి ప్రాణభయం ఉంది. నాకు ఏ భయమూ లేదు. ఆయన బయటికి వెళ్ళి ఏడ్చాడు. నేను ఇంటికి వెళ్ళి గోంగూర పచ్చడితో అన్నం తిన్నాను, ఇంకొంచెం నెయ్యి వెయ్యమన్నాను.

అనుమతి రాలేదు. కారణమేమిటో ఎవరికీ తెలియదు. నా మాటల వల్లే రాలేదని రుజువు లేదు, పైవాళ్ళు ఇంకేం ఆలోచించారో నేనెరగను. ఆ ఎరగకపోవడంలో కూడా కొన్నేళ్ళు దాక్కున్నాను. కాని మీరే చెప్పండి, రాయి విసిరినవాడు అది తగిలిందో లేదో చూడలేదని చెప్పి తప్పించుకోగలడా?

వానలు మొదలయ్యేలోపే వెళ్ళిపోవాలన్నారు. బయల్దేరే ముందు అమ్మగారు ప్రతి ఇంటికీ వచ్చారు. మా ఇంటికీ వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగారు.

"సమాధుల తోటలో నా జాగా ఖాళీగా ఉంచబాకండి. మీ మేనత్త అడుగుతుంది, ఆమెకియ్యండి. ఆమెకింకా తొందర లేదంటే తగువు పెట్టుకోబాక" అని నవ్వారు. తర్వాత నవ్వు తగ్గించి, "నేను చానా తిరుగుతానని రాశారంట. నిజమే కదా ఉపదేశీ, కాలు నిలవదు నాకు" అన్నారు.

నా వైపు చూసే అన్నారు. తెలిసి అన్నారా, తెలియక అన్నారా? ఇప్పటికీ తేల్చుకోలేను. అప్పుడైనా చెప్పవచ్చు. గురువులతో కలిసి గుంటూరో హైదరాబాదో వెళ్ళి, నేను చెప్పవలసింది చెప్పలేదు, మళ్ళీ రాసుకోండి అనవచ్చు. ఆలస్యమైందో లేదో వెళ్తేనేగా తెలిసేది. నేను, "దేవుని చిత్తం అమ్మగారూ" అన్నాను. నా చిత్తాన్ని తీసుకెళ్ళి ఆయన మీద పెట్టాను. ఆ పాపం మొదటిదానికంటే చిన్నదేమీ కాదు.

జీపు ఎక్కేటప్పుడు ఆ రైతు ఇంటి కోడలు అందరికంటే ఎక్కువగా ఏడ్చింది.

కొన్నాళ్ళకు ఆమె మరణవార్త వచ్చింది. వాళ్ళ మఠానికే చెందిన మన తెలుగమ్మాయి ఒకామె చదువు కోసం ఆ దేశం వెళ్ళి, ఆఖరి రోజుల్లో ఆమెను చూసి వచ్చింది. ఆదివారం పూజ అయ్యాక గుడిలో మాకందరికీ చెప్పింది. జబ్బు ముదిరాక అమ్మగారికి సొంత భాష పోయిందట. ఒక్క తెలుగే మిగిలిందట. అక్కడి నర్సులకు అది మతిలేని మాటల్లా వినపడేది. దుప్పటి సర్ది, నవ్వి, వెళ్ళిపోయేవారు. ఈ అమ్మాయి వెళ్ళేసరికి అమ్మగారు తలుపు దగ్గర నిలబడ్డ నర్సును పిలుస్తున్నారట.

"ఏమే, కాసేపు కూర్చోవే. ఇట్టా వచ్చి కాసేపు కూర్చో."

ఈ అమ్మాయి వెళ్ళి కూర్చుంది. కాని ఆమె ఉండేది వేరే నగరంలో. సాయంత్రం రైలుకు తిరిగి వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ తర్వాత ఎవరు కూర్చున్నారో తెలియదని చెప్పి, గుడిలో అందరి ముందూ ఏడ్చింది.

మా పల్లెలో ఏ ఇంటి మనిషి పోతున్నా మంచం పట్టె మీద కూర్చున్న ఆమె, అడిగినా ఎవరికీ అర్థంకాని చోట పోయారు. ఆ చోటికి ఆమెను పంపిన మనిషి లేచి, మోకరించండి అని సంఘానికి చెప్పి, ఆమె ఆత్మశాంతికి ప్రార్థన నడిపించాడు. అందరూ నా వెనకే పలికారు.

గురువుల దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళడం నేనెప్పుడూ మానలేదు. కోపం చెప్పాను, సోమరితనం చెప్పాను, నోటి దురుసు చెప్పాను. ఇది చెప్పలేదు. చెబితే గురువులు అడుగుతారు, అబద్ధం చెప్పావా అని. లేదు అనాలి. మరి ఏం పాపం అంటారు. అప్పుడు నేను ఇదంతా చెప్పాలి, మా అమ్మ చెయ్యెత్తి ఆపడం దగ్గర నుంచి. ఆ సిగ్గు పడలేక, జపమాల ఇంకోసారి చెప్పుకుంటాలే అని బయటికి వచ్చేసేవాణ్ణి. చెబితే ఆయన క్షమిస్తారు. అదీ భయమే. అంత తేలికగా అయిపోతే, తలుపు దగ్గర నర్సును పిలిచిన ఆ గొంతుకు ఎవరు జవాబు చెబుతారు?

మీకు క్షమించే అధికారం లేదు. అందుకే మీకు రాయగలిగాను.

పోలీసాయన అడిగిన రోజుకే ఆ పటం సంగతి నేను చూసి ఉన్నాను. ఆమె ఎవరి మతమూ మార్చలేదు. ఈ మాట నాకు తెలుసు, నాకు నోరు ఉంది, అసూయతో చెప్పలేదు. భక్తితో కాదు, అసూయతో. ఆ పదం రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కొట్టివేయలేదు.