పొడిగా వచ్చిన చెయ్యి

మొన్నామధ్య మా తమ్ముడి కోడలికి ఆడపిల్ల పుట్టిందని తెలిసి, విరుదునగరులోని ఒక ఆసుపత్రికి వెళ్ళి, చూసే వేళ అయ్యేదాకా అద్దాల తలుపు బయట వరుసలో నిలబడి, చీటీ చూపించి లోపల అడుగుపెట్టాను. గది శుభ్రంగా ఉంది, పక్కబట్ట మూలలు సరిగ్గా మడిచి ఉన్నాయి; ఏ ఆసుపత్రికి వెళ్ళినా నా కళ్ళు మొదట పోయేది అక్కడికే. చిన్న వయసు నర్సు ఒకామె వచ్చి, వేలికొక యంత్రం, జబ్బకొక యంత్రం తగిలించి, అవి చూపిన అంకెలు రాసుకుని, మర్యాదగా నవ్వి వెళ్ళిపోయింది. ఆమె అటు వెళ్ళగానే బాలింత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది. కాసేపటికి మళ్ళీ ఆవలించింది. నేను లేచి చేతులు కడుక్కుని, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా, దుప్పటి కిందుగా ఆమె నడుము కిందికి చెయ్యి పోనిచ్చాను. పాపం ఆ పిల్ల బిత్తరపోయింది. మా తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నర్సుగా నేను ఉద్యోగ విరమణ చేసి కొంతకాలమైనా నా చెయ్యి మాత్రం చేయలేదని అప్పుడు తెలిసింది.

ఆ చేతికి ఈ అలవాటు అబ్బింది తొంభైలలో, కోవిల్‌పట్టిలోని ఒక ప్రసూతి వార్డులో. అప్పుడే శిక్షణ ముగించుకుని ఉద్యోగంలో చేరాను. మాది తమిళనాట పుదూరు వైపు పల్లె; ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాన్నగారు పంతులు కావడం వల్ల మా ఇంటి తెలుగుకు అక్షరాలు కూడా వచ్చాయి కానీ, మా వాళ్ళలో ఎక్కువమందికి అది నోటితో పుట్టి నోటితోనే పోయే భాష. గాజు సిరంజీలు, మరిగే నీళ్ళలో సూదుల చప్పుడు నా తరం వారికి గుర్తుండే ఉంటాయి. ఆ వార్డును ఏలిన పెద్ద సిస్టరుగారు తిరునెల్వేలి మనిషి, తమిళం తప్ప మరొకటి ఎరుగరు, గంజి పెట్టిన టోపీ కన్నా ఆవిడే నిటారుగా నడిచేవారు. పక్కబట్ట మీద ముడత కనిపిస్తే మంచమంతా విప్పించి మళ్ళీ పరిపించేవారు. పడుకున్న మనిషి వీపుకు ముడత ముల్లులాంటిదని ఆవిడ మాట. మేము ఆవిడకు భయపడ్డాం. క్రమం అంటే నాకున్న ప్రేమ ఆ భయంలోంచే పుట్టిందని ఇప్పుడు అనుకుంటాను.

ఒక ఉదయం, తొలికాన్పు అయిన ఒక అమ్మాయిని ప్రసవపు గదినుంచి నా మంచాల వరుసలోకి తెచ్చారు. అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే పిల్ల, విళాత్తికుళం దగ్గర పల్లెకు కోడలు. నేను నాడి చూశాను, కొంచెం వేగంగా ఉంది కానీ అప్పుడే ప్రసవమైన మనిషికి అది వింత కాదు. రక్తపోటు సరిగా ఉంది. ముందువైపు గుడ్డ కాస్తే తడిసింది. గోళ్ళు పాలిపోయాయేమో చూద్దామంటే సీమంతానికి పెట్టిన గోరింటాకు ఇంకా ఎర్రగా పండి ఉంది. ఎలా ఉందమ్మా అని అడిగితే, పెద్దవాళ్ళు అడిగినప్పుడు మా పల్లెల ఆడపిల్లలు ఇచ్చే జవాబే ఇచ్చింది, ఏమీ లేదక్కా, పరవాలేదని. చూసినవన్నీ రాసి పక్క మంచానికి వెళ్ళబోతూ ఉంటే, స్టూలు మీద కూర్చున్న అత్తగారు నా కొంగు పట్టుకుని ఆపింది.

“పాపా, నువ్వు మనోళ్ళ పిల్లే కదా. పెద్దామెకాడ ఒక మాట సెప్పు. ఇది ఊరికే ఊరికే ఆవులిస్తా ఉండాది. ఎవురి కన్నో పడినట్టుండాది. రెండు మిరపకాయలు సుట్టి నిప్పులో ఏస్తే సరిపోతాది.”

వార్డులో నిప్పు, అందులో మిరపకాయలు, అదీ పెద్ద సిస్టరుగారి ఏలుబడిలో. నా భయం ఎంతటిదో నా తోటివారికే తెలుస్తుంది. నిద్ర లేక ఆవలిస్తోందేమో అన్నాను. ముసలామె ఒప్పుకోలేదు. నిద్ర ఆవలింతకు కన్ను మూత పడుతుందనీ, ఈ పిల్ల కళ్ళు తెరుచుకునే నోరు తెరుస్తోందనీ, మాటిమాటికీ అటూ ఇటూ కదులుతోందనీ చెప్పింది. ఆ మాటల్లోని ఆందోళన చూసి కాదనలేక వెళ్ళి, మిరపకాయలతో సహా ఉన్నదున్నట్టు పెద్ద సిస్టరుగారికి తమిళంలో అప్పగించాను.

చీవాట్లకు సిద్ధపడి నిలబడిన నన్ను దాటుకుని ఆవిడ అప్పటికే మంచం దగ్గర ఉన్నారు. కింది రెప్ప లాగి చూశారు. లోపల ఎరుపు లేదు. దుప్పటి కిందుగా ఆ పిల్ల నడుము కిందికి చెయ్యి పోనిచ్చి బయటికి తీశారు. చెయ్యి మణికట్టుదాకా ఎర్రగా ఉంది. పారే రక్తం ముందున్న గుడ్డను వదిలేసి, పల్లం చూసుకుని వెనక్కి పోయి, వీపు కింద రబ్బరు షీటు మీద మడుగు కట్టింది.

“చెయ్యి రాయడానికే ఇచ్చాడా దేవుడు?” అన్నారు నాతో, గొంతు పెంచకుండా. “పొత్తికడుపు పట్టు.”

గర్భసంచి బొడ్డు దగ్గర గట్టి కొబ్బరికాయలా తగలాలి; నా అరచేతికి నానిన పిండిలా తగిలింది. గుండ్రంగా రుద్దుతూ ఉండమని, ఆవిడ లేడీ డాక్టరుగారికి కబురు పంపి, మంచం కాళ్ళవైపు ఎత్తించారు. మూత్రం నిండిపోయి ఉంటే గర్భసంచి ముడుచుకోదు. వరండాలో మగ చుట్టాలు ఉన్నారని సిగ్గుపడి ఆ పిల్ల కాన్పు అయినప్పటినుంచీ బిగబట్టుకుని ఉంది. గొట్టం పెట్టి అదీ తీశాం. డాక్టరుగారు వచ్చి ఇంజెక్షను, సెలైను పెట్టించేసరికి ఆ పిల్ల నన్ను గుర్తుపట్టడం మానేసింది. అత్తగారు తెలుగులో దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. ఎంతసేపు రుద్దానో తెలియదు. నా చేతి కింద ఆ మెత్తదనం నెమ్మదిగా బిగిసి, గట్టిపడి, గట్టిగానే నిలిచింది. ఆ పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

సాయంత్రం ముసలామె మళ్ళీ మిరపకాయల మాట ఎత్తింది. పెద్ద సిస్టరుగారు సైకిల్ స్టాండు అవతల అయితే తనకు అభ్యంతరం లేదని చెప్పమన్నారు. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలకు ఘాటు రాదని మా వాళ్ళ నమ్మకం. వాచ్‌మన్‌తో సహా బయట ఉన్న చుట్టాలంతా దగ్గుతూ ఉండగా ఆమె కారుతున్న కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, “గాటే లేదు సూడు, పాపా” అంది. నేను తలూపాను.

తరువాతి కాలంలో, రెండువేల సంవత్సరం దాటాక, విరుదునగరులో నర్సింగు పాఠాలు చెప్పాను. కాగితం మీద అంకెలన్నీ సరిగ్గా ఉండగానే మనిషి జారిపోగలదనీ, పడుచు ఒళ్ళు చివరిదాకా బింకంగా నిలిచి ఒక్కసారిగా కూలుతుందనీ చెప్పి, చెయ్యి పెట్టి చూడని పిల్లను ముందుకు పోనిచ్చేదాన్ని కాదు. అదే పట్టుదలతో వార్డుల్లో చుట్టాల గుంపును తగ్గించాలని పోరాడాను. అన్నం క్యారియర్లు, మంచాల కింద నిద్రలు, ఒకరి రోగం ఇంకొకరికి అంటుకోవడం చూసినదాన్ని కనుక, చూసే వేళలు ఉండాలన్నాను. ఉండవలసినవే. ఆ మాట ఇప్పటికీ అంటాను. అయితే ఆ స్టూలు మీద కూర్చున్న మనిషికి ఆ కోడలి నిద్ర ఆవలింత ఎలా ఉంటుందో తెలుసు, అందుకే ఇది అది కాదని తెలిసింది. ఆ తేడా చెప్పే యంత్రాన్ని నేనింకా చూడలేదు.

మా తమ్ముడి కోడలి నడుము కిందనుంచి నా చెయ్యి పొడిగానే వచ్చింది. బిడ్డ రాత్రంతా ఏడ్చిందట, అందుకే ఆవలింతలు. నా వృత్తిలో పొడి చేతిని మించిన సంతోషం లేదు. ఇంతలో వేళ ముగిసిందని గంట మోగింది. నియమం నియమమే కనుక అందరికంటే ముందు నేనే లేచాను. తలుపు మూసుకున్నాక అద్దంలోంచి వెనక్కి చూస్తే, ఆ పిల్ల ఇంకోసారి ఆవలించింది. మంచం పక్కన స్టూలు ఖాళీగా ఉంది.