మా ఇంట్లో ఒక్కటే కంపెనీ

మా ముత్తాత భూంరెడ్డి మాలీ పటేలు. ఊరి శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు పోయేది. ఆయన వచ్చి కూర్చునేదాకా చావడిలో ఎవరూ కూర్చునేవారు కాదట. మా తాత నర్సారెడ్డి పోలీసు పటేలు, ఊరి తగాదాలు, కావలి ఆయనవి. జగిత్యాల నుండి ఎంత పెద్ద అధికారి వచ్చినా ముందు మా ఇంట్లో మంచినీళ్లు తాగి, ఆ తర్వాతే ఊళ్లోకి నడిచేవాడు. మా బాపు కాలానికి పటేల్‌గిరీలు పోయాయి, భూములు కూడా ఒక్కొక్క ముక్కే పోతూ వచ్చాయి. నా దాకా వచ్చింది మెడ వంచని అలవాటు ఒక్కటే. దాన్ని కొనేవాళ్లు దొరకలేదు కాబట్టి అది మిగిలిందని మా ఇంటావిడ అంటుంది.

ఆ అలవాటుకు ఇంట్లో ఒక కట్టుబాటు తోడుండేది. ఒకసారి ఒక దుకాణంలో, ఒక మనిషి దగ్గర వస్తువు కొంటే ఇక మార్చకూడదు. ధోవతులు సిరిసిల్లలో ఒకే ఇంటివాళ్లు నేసి పంపాలి, చెప్పులు కోరుట్లలో ఒకే ఆయన కుట్టాలి, గోడ గడియారం ఆగిపోతే మళ్లీ అదే కంపెనీది రావాలి. వస్తువు బాగాలేదని తిరిగి దుకాణానికి మోసుకుపోవడం, బేరమాడడం, నిలదీయడం మా స్థాయికి తగని పనులు. మా తాతకు ఆ కోరుట్ల చెప్పులు కరిచేవి. మడమలు పుండ్లు పడి, సాయంత్రం పూట గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు గాని ఏనాడూ ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు మళ్లీ ఆయనతోనే, మళ్లీ అదే కొలతతో కుట్టించుకున్నాడు. తాత పోయినప్పుడు ఆ చెప్పులు కుట్టే ముసలాయన పరామర్శకు వచ్చి ఈ సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్క మాట జెప్తె సరి జేసేటోణ్ని గద పటేలా, నేను ఊళ్లె అందరికి పటేలు మెచ్చిన చెప్పులని అమ్ముకుంటొస్తి," అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం నా ల్యాప్‌టాప్ మూత ఊడి చేతికొచ్చింది. సంచిలో పెట్టుకుని జగిత్యాలలో నేను ఏళ్లుగా కొనే దుకాణానికి పోయాను. పాత సేటు లేడు, ఆయన కొడుకు కూర్చున్నాడు. సేటు ఉన్నప్పుడు నన్ను చూడగానే గల్లాపెట్టె వెనక నుండి లేచి, తన కుర్చీ నాకు వేసి, చాయ్ చెప్పేవాడు. కొడుకు లేవలేదు, అయినా మర్యాదగానే మాట్లాడాడు. "అంకుల్, గీ కంపెనీది ఇప్పుడు మునుపటి లెక్క మంచిగ వస్తలేదు. వేరేది చూపియ్యాల్నా?" అన్నాడు. అంత సులువుగా, దుకాణంలో నలుగురు వింటుండగా అనేశాడు. పదేళ్ల పైబడి నా గొంతులో ఇరుక్కున్న మాట అది. నేను మళ్లీ వస్తానని చెప్పి బయటికొచ్చి, బస్టాండు బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

పటేల్‌గిరీలు పోయాక బతకడానికి నేను కోరుట్లలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట చిన్న గది కిరాయికి తీసుకుని దస్తావేజులు రాసే పనిలో కుదిరాను. పటేలు మనుమడు నలుగురికీ దస్తావేజులు రాయడమేమిటని మొదట్లో బంధువులు మొహం తిప్పుకున్నారు గాని, చదువుకున్న చెయ్యి, పరువైన ఇంటి సంతకం అని జనం నా దగ్గరికే వచ్చేవాళ్లు. మొదట టైపు మిషను, తర్వాత ల్యాప్‌టాప్. ఆ మొదటి ల్యాప్‌టాప్‌ను మరువలేను. రాతి పలకలా బరువు, మూత వేస్తే పెట్టె తలుపు పడ్డట్టు చప్పుడు. ఒకసారి మెట్‌పల్లి రోడ్డు మీద స్కూటరు నుండి జారి పడితే దుమ్ము దులిపి అదే రోజు రెండు దస్తావేజులు కొట్టాను. అది ముసలిదైతే రెండోది అదే కంపెనీది తెచ్చాను, అదీ ఫర్వాలేదనిపించింది. మూడోదానికి వచ్చేసరికి బరువు తగ్గింది, మెరుపు పెరిగింది. తెచ్చిన కొన్ని నెలలకే మూత మడత దగ్గర పగిలి, స్క్రీను నిలబడకుండా వెనక్కి వాలిపోయేది, వైరును ఒక పక్కకు ఒత్తి పట్టుకుంటే తప్ప కరెంటు ఎక్కేది కాదు. నేను బల్లను గోడ దాకా జరిపి, గోడకూ మూతకూ నడుమ ఒక ఇటుక నిలబెట్టి, ఆ ఇటుకకు తెల్ల పంచె ముక్క చుట్టాను. చూసేవాళ్లు దాన్ని ఏ దేవుడి గూడో అనుకోవాలని నా ఉద్దేశం. ఎవరికీ చెప్పలేదు. గ్యారంటీ ఉండగానే సేటుకు కూడా చెప్పలేదు. "ఎట్ల నడుస్తుంది పటేలా?" అని ఆయన అడిగితే "మంచిగుంది" అన్నాను. ఆయన ఆ మాటను నా వెనక వచ్చిన గిరాకీకి చెప్పడం నా చెవులతో విన్నాను, మనసులో కొంచెం పొంగాను కూడా.

ఆ రోజుల్లో నేను రాసిన దస్తావేజుల్లో చాలా వరకు గల్ఫ్ పోయేవాళ్లవే. ఏజెంటుకు కట్టడానికి భూమి అమ్మేవాళ్లు, పోయి సంపాదించుకొచ్చి భూమి కొనేవాళ్లు. ఒకే వారంలో ఒకే శివారు భూమి అటు పోయి ఇటు వచ్చేది. మా ఊళ్లో మా తాటిచెట్లు గీసి కల్లు దించిన గౌడు ఒకాయన ఉండేవాడు, అందరం పెద్ద గౌడు అనేవాళ్లం. తాటిచెట్టెక్కే ఓపిక తగ్గక ముందే ఆయన దుబాయి పోయి, ఏళ్లకు ఏళ్లు అక్కడ కష్టపడి, తిరిగొచ్చి మా బావికింది ఇరవై గుంటలు, అంటే అరెకరం, కొనుక్కున్నాడు. పసుపు బ్రహ్మాండంగా పండే భూమి. ఆ రోజు మా బాపు కడుపునొప్పని చెప్పి మంచం దిగలేదు, సంతకం ఇంట్లోనే పెట్టి పంపాడు. పెద్ద గౌడు మాత్రం కొన్నవాడిలా కాక అడుక్కున్నవాడిలా మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడి, పసుపు తవ్విన ప్రతి ఏడూ మొదటి గంప మా ఇంటికే పంపేవాడు.

ఆయన కొడుకు చిన్న గౌడు కూడా గల్ఫ్‌కే పోయాడు. అక్కడ ఏదో గోదాములో సామాను లెక్కలు కంప్యూటర్లో ఎక్కించే పని. కొన్నాళ్లు బాగానే జరిగింది. తర్వాత ఆ కంపెనీ మూతపడింది, జీతాలు ఇవ్వకుండానే అందర్నీ విమానం ఎక్కించారు. చేతిలో ఒక సంచితో దిగిన మనిషి, ఇక చచ్చినా పోనని, భార్య పుట్టిల్లు తంగళ్ళపల్లిలో ఒక ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకుంటానని నిశ్చయించుకున్నాడు. పింఛన్ల దరఖాస్తులు, టికెట్లు, వీసా చూసిపెట్టడం, మస్కట్‌లోనో దుబాయిలోనో ఉన్న మొగుళ్లతో ఆడవాళ్లు తెర మీద మాట్లాడుకోవడం. సిరిసిల్ల మగ్గాల మీద పనికి పోయే జనం అంతా ఆ దారినే నడుస్తారు కాబట్టి నడుస్తుందని ఆయన లెక్క. తన పని తనకు బాగా తెలుసు, కొనవలసిన వస్తువు గురించి మాత్రం నన్ను అడగడానికి కోరుట్ల దాకా వచ్చాడు.

ఆయన మెట్ల దగ్గర కనిపించగానే నేను లేచి గడప దగ్గరికి పోయాను. ఎదురుపోయి పలకరించానని ఆయన పొంగిపోయాడు. ఇటుక కనబడకూడదని నేను లేచాను.

"పటేలా, రెండు లాప్టాప్‌లు కావాలె. మీరు ఏ కంపెనీది వాడుతున్నరో నాకు గదే జెప్పుండ్రి. మీరు తాత తండ్రుల సంది చూసి కొనేటోళ్లు."

నా వెనకే, బల్ల మీద, పంచె ముక్క చుట్టుకున్న ఇటుక మీద ఆ కంపెనీ వాలి ఉంది. నేనన్నాను: "మా ఇంట్ల ఒక్కటే కంపెనీ. మారుసుడు లేదు."

ఆయన నాకు దండం పెట్టి అట్నుంచి అటే జగిత్యాల బస్సెక్కాడు.

సెంటర్ తెరిచిన రోజు నన్నే పిలిచి కొబ్బరికాయ కొట్టించారు. బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బు కూడా అందులో పెట్టానని ఆయన భార్య గర్వంగా చెప్పింది. రెండు ల్యాప్‌టాప్‌లకూ పసుపు కుంకుమ పెట్టింది. ఆ పసుపు కూడా ఆ బావికింది భూమిదే.

ఆ తర్వాత కొన్ని నెలలకు చిన్న గౌడు మళ్లీ కోరుట్ల వచ్చాడు, వెంట భార్య కూడా ఉంది. ఈసారి కూడా గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడాను. రెండూ చెడిపోయాయట. ఒకదాని మూత విరిగింది, రెండోది కరెంటు పట్టదు. ఎదుటి వీధిలో ఇంకో సెంటర్ వచ్చింది, జనం అటు మళ్లుతున్నారు. ఆమె నవ్వుతూనే చెప్పింది గాని మాటలో ముల్లుంది. "లాప్టాప్ అని తెచ్చిండు పటేలా, పసిపిల్ల లెక్క పండవెడితెనే నడుస్తది. ఇగ జోలపాట గూడ నేనే పాడాలె."

దుకాణానికి తీసుకుపోలేదా అని అడిగాను. చిన్న గౌడు తల దించుకుని అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఏ మొకం వెట్టుకొని పోవాలె పటేలా? నా చెయ్యే మంచిది గాదు. మీది మంచిగనే నడవవట్టె గద. సేటు గూడ గదే అన్నడు, పటేలు ఇన్నేండ్ల సంది వాడుతున్నడు, ఒక్కనాడు ఒక్క మాట అనలే అని."

అప్పటికి ఆ రెండింటికీ గ్యారంటీ ఉంది. నాది కూడా ఇట్లాగే ఏడ్చిందని నేను పోయి ఒక్క మాట చెబితే సేటు మార్చి ఇచ్చేవాడు. చెప్పాలనే మరునాడు జగిత్యాల పోయాను. సేటు లేచాడు, కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు, మా తాత పేరెత్తి అక్కడున్న ఎవరికో నన్ను పరిచయం చేశాడు. ఊళ్లో అప్పటికి నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు తగ్గిపోయారు. బ్యాంకులో వరుసలో నిలబడతాను, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడతాను. లేచి కుర్చీ ఇచ్చే చోటు ఆ ఒక్కటే మిగిలింది. అందులో కూర్చుని, నీ వస్తువు బాగాలేదు, నేనింతకాలం అబద్ధమాడాను అని చెప్పాలి. చాయ్ తాగాను. వర్షాల గురించి మాట్లాడాను. లేచి వచ్చేశాను.

సెంటర్ మూతపడింది. చిన్న గౌడు మస్కట్ వీసాకు ఏజెంటును మాట్లాడుకున్నాడు. దానికి బావికింది భూమి అమ్మక తప్పలేదు, దస్తావేజు రాయించడానికి నా దగ్గరికే వచ్చారు. ఈసారి గడప దగ్గర నిలబెట్టడం కుదరలేదు. మొగుడూ పెళ్లాం లోపలికి వచ్చి బల్ల పక్కన కూర్చున్నారు. హద్దులు చదివి వినిపిస్తున్నాను. తూర్పున ఫలానా, పడమర బావి అని అంటుండగా ఇటుక జారింది, స్క్రీను వెనక్కి వాలి నల్లబడిపోయింది. ఇటుక వెళ్లి ఆమె కాళ్ల దగ్గర పడింది. ఆమె దాన్ని తీసుకుంది. చుట్టిన పంచె ముక్క మాసిపోయి, అంచులు అరిగిపోయి ఉంది. అది నిన్న మొన్న చుట్టింది కాదని ఆడమనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మీది గూడ గంతేనా పటేలా?" అంది.

చిన్న గౌడు నా మొహం చూశాడు, ఇటుకను చూశాడు. భార్యను మెల్లగా కసిరాడు. "ఊకోయే. పటేలుది ఇయ్యాల్నే ఖరాబైనట్టుంది."

నేను తల ఊపాను. అవునని ఊపాను.

ఆయన ఆ ఇటుకను ఆమె చేతిలో నుండి తీసుకుని, పంచె ముక్క సరిచేసి, మూత వెనక తానే నిలబెట్టి, వైరును పక్కకు ఒత్తి పట్టుకున్నాడు. ఎటు ఒత్తాలో ఆయనకు తెలుసు. తెర వెలిగింది. మిగిలిన హద్దులు చదివాను.

ఆయన ఆ తర్వాత ఒక్కసారే ఊరికొచ్చాడని విన్నాను, నన్ను కలవలేదు. కలవనందుకు నేను సంతోషపడ్డాను, ఆ సంతోషానికి సిగ్గూ పడ్డాను. ఇన్నేళ్లలో ఆయన కోసం చేయగలిగింది నాకు ఏమీ తోచలేదు. నాలుగోసారి కూడా అదే కంపెనీది కొన్నాను, ఎందుకంటే మారిస్తే ఎందుకు మార్చావని ఎవరైనా అడుగుతారు.

ఇప్పుడు కాలం వేరు. మా కోడలు కొన్న పప్పులో ఒక రాయి కనబడితే ఫోనులోనే దుకాణంవాణ్ని కడిగేస్తుంది, వాడు క్షమించమని వేరే పొట్లం పంపుతాడు. మొదట్లో నాకది చిన్నతనంగా తోచేది. ఇప్పుడు ఆమె గట్టిగా మాట్లాడుతుంటే పక్క గదిలో కూర్చుని వింటాను. మొన్న మళ్లీ జగిత్యాల పోయి, సేటు కొడుకు చూపించిన వేరే కంపెనీది తెచ్చుకున్నాను. బాగానే ఉంది, మూత గట్టిగా నిలబడుతోంది. ఎట్లుందని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెబుదామని ఎదురుచూస్తున్నాను. కొనేవాళ్లంతా ఫోనులోనే చూసుకుంటున్నారు, నన్ను ఎవరూ అడగడం లేదు.

ఎవరూ అడగకపోయినా ఉన్నదున్నట్టు ఒక్కటి చెబుతాను: మా తాత నర్సారెడ్డి పేరున ఉండి, పెద్ద గౌడు కొనుక్కున్న బావికింది ఇరవై గుంటలను చిన్న గౌడు మెట్‌పల్లి వ్యాపారి ఒకాయనకు అమ్మాడు.