గడప దాటిన ప్లంబర్

2018. సౌదీలో ఖతీఫ్ దగ్గర కుటుంబాలుండే ఒక కాంపౌండ్‌కు మరమ్మతులు చేసే కంపెనీలో నేను హెచ్ఆర్ క్లర్కుని. సౌదీ ఉద్యోగులు ఎందరున్నారో చూసి కంపెనీకి ఎరుపు, పచ్చ అని రంగు కేటాయించే పద్ధతిని నితాఖత్ అంటారు. విదేశీ కార్మికుల మీద లెవీల భారం పెరిగాక, సౌదీలను పెట్టుకోలేక మా కంపెనీ రెడ్‌లో పడింది. రెడ్‌లో ఉంటే ఇఖామా, అంటే నివాస అనుమతి, రెన్యూ కాదు. ఇంకో కఫీల్, అంటే స్పాన్సర్, దగ్గరికి ట్రాన్స్‌ఫర్ కావాలి, లేదా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోవాలి. మా మనుషులందరికీ ఎక్కడో ఒకచోట పని దొరికింది. జగిత్యాల ప్లంబర్ నర్సయ్య ఒక్కడే మిగిలాడు.

కాంపౌండ్‌లో ప్లంబర్లకు ఒక నియమం ఉంది. బెల్లు కొట్టి, తలుపు వైపు వీపు తిప్పి నిలబడాలి. ఇంట్లో మగవాళ్లు లేకపోతే తిరిగి వచ్చేయాలి. ఒక రోజు ఒక ఇంటి ముందు నర్సయ్య అలాగే నిలబడ్డాడు. సార్ లేరని పనిమనిషి సుజాత లోపలి నుంచే చెప్పింది. భీమవరం వైపు మనిషి. అతను మెట్లు దిగుతుండగానే గీజర్ పైపు ఊడింది. "అన్నా, కాలిపోతన్నానన్నా!" అని కేక. నర్సయ్య లోపలికి పరుగెత్తి, వాల్వ్ కట్టేసి, ఆమెను ఎత్తుకొచ్చి ముందు గదిలో కూర్చోబెట్టాడు. అప్పుడే ఇంటి యజమాని వచ్చి, చూసి, పోలీసులను పిలిచాడు.

పోలీసులు విచారించి వదిలేశారు. కాంపౌండ్ సెక్యూరిటీ మాత్రం వేధింపుల జాబితాలో అతని పేరెక్కించింది. దాన్ని చుట్టుపక్కల కాంపౌండ్లన్నీ చూస్తాయి. ఏ కొత్త కఫీలూ అతన్ని తీసుకోలేదు.

"లోపలికి పొమ్మని నీకెవరు చెప్పారయ్యా?" అని కసిరాను.

"గామె అన్నా అని మొత్తుకుంటాంటె ఈపు తిప్పి నిలవడాల్నా సార్? మీ బైబుల్ల గట్లనే ఉన్నదా?"

సుజాత నాకు వాయిస్ మెసేజ్ పంపింది. "ఆయన రాకపోతే నేను చచ్చిపోయేదాన్నండి. ఎవరికి చెప్పాలో మీరే చెప్పండి. మా మేడమ్ ఫోను లాగేసుకుంటాదండి."

దాన్ని సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఖాన్ భాయ్‌కి వినిపించి, అర్థం చెప్పాను. పెషావర్ మనిషి, చెడ్డవాడు కాదు. "భాయ్, నామ్ చఢానే కా బటన్ హై, ఉతార్నే కా నహీ," అన్నాడు. పేరు ఎక్కించడానికి బటన్ ఉంది, తీయడానికి లేదు.

ఆ జాబితా వద్దని నేననను. ఆడవాళ్లను నిజంగా వేధించినవాళ్లు అందులో ఉన్నారు. కానీ శుక్రవారాలు ఒక ఇంట్లో తలుపులు మూసుకుని మేము చదువుకునే బైబిల్ సంఖ్యాకాండంలో, మనిషి ప్రాణం తీసినవాడికి సైతం పారిపోయి తలదాచుకోవడానికి ఆశ్రయపురం ఉంది. కావాలని చేశాడా, చేయి జారి చేశాడా అని సమాజం విచారించాలి. చేయి జారి చేసినవాడైతే, ప్రధానయాజకుడు చనిపోయాక తన ఇంటికి తిరిగి వెళ్లవచ్చు. మా జాబితాలో విచారణా లేదు, ముగింపూ లేదు. జాబితాకెక్కినవాడి మాట వినమని, కొన్నేళ్లకైనా ఆ పేర్లు తిరిగి చూడమని కాంపౌండ్ యాజమాన్యానికి అర్జీలు పెట్టాను. ఉపవాసముండి ప్రార్థించాను. ఎక్కడి నుంచీ జవాబు రాలేదు.

ఎయిర్‌పోర్టుకు వ్యాన్ ఎక్కేముందు నర్సయ్య అడిగాడు. "కాయిదంల కారణం రాసిన్రా సార్?"

"లేదు."

"రాయకున్నా ఏం ఫాయిదా. క్యాంపోళ్లు ఫోన్లల్ల చెప్పనే చెప్పిన్రు. గా ముచ్చట నాకంటె ముందుగాల్నే ఊరికి వొయ్యింది."

ఇప్పుడు నేనున్న కంపెనీలో కొత్త ప్లంబర్లకు నియమాలు చెప్పే పని నాదే. లోపల ఎవరు కేకవేసినా గడప దాటవద్దని చెబుతున్నాను. ఆ కేసు నాకు నేర్పింది అదే. ఆ మాట చెప్పిన వారం, శుక్రవారం కూటంలో మోకరించినా నాకు ప్రార్థన రాదు.