మలుపు తిరిగితే ఆగిపోయే మిషను

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు. చిన్నా పెద్దా అందరికీ స్పార్కు పిన్నే. గడ్డి కోసే మిషను ఏది వచ్చినా ముందు ప్లగ్గు విప్పి, ఇంజిను ఇనుముకు ఆనించి, తాడు లాగి, నిప్పురవ్వ పడుతోందా లేదా అని చూస్తుంది మరి. బట్టల కంపెనీలో కుట్టుపని పోయాక అన్నగారి రిపేరు కొట్టు ఊడవడానికని వచ్చి, ఊడుస్తూ ఊడుస్తూనే పని పట్టేసింది. నేర్పినవాడు అన్నే, మెచ్చుకోనివాడూ అన్నే. ఆయన నోట ఒక మంచిమాట రావడమంటే అమావాస్యనాడు వెన్నెల కాయడమే.

ఇప్పుడు వయసు మీదపడి ఆయన చేతులు పనికి నిలవడం లేదు. పక్కనున్న రంగుల కొట్టాయన, మధ్యగోడ పడగొట్టి ఈ కొట్టును తన దాంట్లో కలుపుకుందామని ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. అన్న ఊగిసలాడుతున్నాడు. ఇది పోతే తన బతుకులో ఇంకేం మిగలదని పిన్నికి దిగులు.

సరిగ్గా అప్పుడే బడి తోటమాలి తన మిషను మళ్లీ తోసుకొచ్చాడు. ప్లగ్గు మార్చి పంపితే తిరిగొచ్చింది. రవ్వ పుట్టించే కాయిలు మార్చి పంపితే, ఇదిగో, మళ్లీ వచ్చింది. కొట్టులో బుద్ధిగా తిరుగుతుంది, పచ్చికలోకి వెళ్తే మొరాయిస్తుంది.

"ఇంకోసారి ఇది తిరిగొస్తే కొట్టు ఆ పక్కాయనకి ఇచ్చేస్తా. ఉన్న పరువూ పోయాక ఇంక దేనికిది?" అన్నాడు అన్న.

ఆయనకో నియమం ఉంది. కొట్టు ఇరుకు కాబట్టి ఏ మిషనైనా హ్యాండిలు మడిచాకే బల్ల ఎక్కాలి. మడిచాడు, ఎక్కించాడు, తాడు లాగాడు. ఒక్క లాగుకే అందుకుంది.

"మిషనుకేం రోగం లేదు. నీకే తోయడం రాదు," అని తోటమాలిని కసిరాడు.

తోటమాలి మొహం మాడ్చుకున్నాడు. పిన్ని మాత్రం, "ఎక్కడ ఆగుతుంది బాబూ?" అని అడిగింది. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదంటే మన తెలివి చూడండి.

"మలుపులోనే పిన్నీ. తిన్నగా పోతే ఏం కాదు."

పిన్ని మిషను దింపించి బడి మైదానానికి నడిచింది. గొణుక్కుంటూ అన్నా వెనకే వచ్చాడు. హ్యాండిలు విప్పి బిగించి, తాడు లాగి తోసింది. చివరిదాకా చక్కగా పోయింది. తిప్పడానికి హ్యాండిలు కిందికి నొక్కి ముందు చక్రాలు లేపిందో లేదో, టక్కున ఆగింది. పిన్ని చూపు హ్యాండిలు మీదికి వెళ్లింది.

మిషను ఆపే స్విచ్చు హ్యాండిలు మీద ఉంటుంది. దాని సన్నటి తీగ గొట్టం వెంట దిగి కాయిలుకు చేరుతుంది. ఆ తీగ ఇనుముకు తగిలితే రవ్వ చస్తుంది. పిన్ని కాయిలు దగ్గర తీగ ఊడదీసి మళ్లీ తోసింది. ఈసారి ఎన్ని మలుపులు తిప్పినా ఆగలేదు. కాయిలు బంగారం లాంటిదే! పెట్రోలు కట్టేసి ఇంజిను ఆపి, తీగను వేళ్లతో తడుముతూ వచ్చింది. హ్యాండిలు మడత పడే చోట, బోల్టు కింద, తీగ తొడుగు అరిగి రాగి బయటపడి ఉంది. నొక్కినప్పుడల్లా ఇనుముకు ఆనుతోంది. మడిస్తే వదులై దూరం జరుగుతోంది. బల్ల మీద దొరకమంటే ఎలా దొరుకుతుంది? పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికారు అన్నాచెల్లెళ్లు.

కొట్టు నుంచి కొత్త తీగ తెప్పించి వేసి, బోల్టుకు ఎడంగా కట్టింది. స్విచ్చు నొక్కితే ఆగింది, తాడు లాగితే అందుకుంది. ఇక మైదానమంతా తనే కోసింది. తోటమాలి అడిగినా ఇవ్వలేదు. మలుపు వచ్చినప్పుడల్లా కావాలనే గట్టిగా నొక్కి, ఆగని ఇంజిను మోత వింటూ, చిన్నపిల్లలా నవ్వుకుంది. అంత సంతోషం ఆవిడ జన్మలో ఎరగదు.

గట్టు మీద కూర్చున్న అన్న మెచ్చుకోలుగా ఒక్క ముక్కా అనలేదు. అంతలో రంగుల కొట్టాయన వెతుక్కుంటూ అక్కడికే వచ్చి, కొట్టు సంగతి ఏం చేశారని అడిగాడు.

అన్న చెల్లెలి వంక చూపించాడు.

"నాదేముందండీ. ఓనరు అదిగో, గడ్డి కోస్తోంది. వెళ్లి ఆవిణ్ణే అడగండి."